ధర్సీవా ప్రాంతంలో క్యాన్సర్ రోగుల సమన్విత సంరక్షణ, స్వీయశ్రద్ధ

క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ జరుగుతున్నన్నాళ్ళూ, అవి ముగిసిన తర్వాత కూడా రోగి ఒంటికీ మనసుకీ బలమిచ్చే పనులు కొన్ని ఉంటాయి. సరైన తిండి, నడక, యోగా, నోటి శుభ్రత, నొప్పి తగ్గించడం, నిద్ర, ధైర్యం చెప్పే మనిషి తోడు అలాంటివి. వీటిని అసలు చికిత్సకు జోడించి, డాక్టరుకు తెలిసేలా, పరీక్షకు నిలిచినవాటినే ఎంచుకుని అందించడం సమన్విత సంరక్షణ. ఇందులో ఆసుపత్రి చేసేది కొంత, రోగి ఇంట్లో తనకు తాను చేసుకునేది ఎక్కువ. అసలు చికిత్సను పక్కనపెట్టి దాని స్థానంలో ఇంకేదో వాడటం ఇందులోకి రాదు. ఈ వ్యాసం ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ జిల్లా ధర్సీవా, దాని చుట్టుపక్కల ఊళ్ళ నేపథ్యంలో, అక్కడి తెలుగు కుటుంబాలను కూడా దృష్టిలో పెట్టుకుని ఈ విషయాన్ని పరిచయం చేస్తుంది.

ప్రాంతం, వైద్య సదుపాయాలు

ధర్సీవా రాయ్‌పూర్‌కు ఉత్తరాన, బిలాస్‌పూర్ వెళ్ళే దారిలో ఉన్న బ్లాకు కేంద్రం. స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలున్న సిల్తరా పారిశ్రామిక వాడ ఈ దారిలోనే వస్తుంది. చుట్టూ వరి పండించే పల్లెలు. పొలం పనివాళ్ళు, కర్మాగారం కూలీలు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు కలిసి బతికే చోటు ఇది.

పెద్ద ఆసుపత్రులన్నీ రాయ్‌పూర్‌లోనే ఉన్నాయి. 1963లో మొదలైన పండిత్ జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాలకు అనుబంధంగా డాక్టర్ భీమ్‌రావ్ అంబేడ్కర్ స్మారక ఆసుపత్రి నడుస్తోంది. ఊళ్ళో అందరూ దాన్ని మెకాహారా అంటారు. ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం అక్కడే ఉంది. టాటీబంధ్‌లోని ఎయిమ్స్ 2012లో మొదలైంది. 2018లో నవా రాయ్‌పూర్‌లో బాల్కో మెడికల్ సెంటర్ క్యాన్సర్‌కే ప్రత్యేకంగా వచ్చింది. జిల్లా ఆసుపత్రుల్లో కీమో ఉచితంగా ఎక్కించే దీర్ఘాయు వార్డులను రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసింది. బిలాస్‌పూర్ దగ్గరి గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ పల్లె పేదలకు తక్కువ ఖర్చుతో వైద్యం చేస్తోంది. అక్కడ క్యాన్సర్ రోగులనూ చూస్తారు.

అంటే ధర్సీవా మనిషికి చికిత్స మరీ దూరాన లేదు. కష్టం ఆ తర్వాత ఎదురవుతుంది. రేడియేషన్ చాలాసార్లు వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి నడుస్తుంది. యంత్రం కింద పడుకునేది కొద్ది నిమిషాలే, మిగతా పొద్దంతా ప్రయాణంలోనూ వరుసలోనూ గడిచిపోతుంది. నోరు పూసినా, జ్వరం తగిలినా, అన్నం గొంతు దిగకపోయినా ఆ రాత్రి రోగి ఇంట్లోనే ఉంటాడు. స్వీయశ్రద్ధ అవసరం అక్కడ పడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఈ ఖాళీని కొంతైనా పూరించగలిగేది మితానిన్. 2002లో మొదలైన ఈ ఊరి ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ దేశంలో ఆశా కార్యకర్తల పథకానికి ముందే వచ్చింది. కీమో రోగి ఇంట్లో ఏం చూడాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి పంపాలో మితానిన్‌కు నేర్పడం కొత్త భవనం కట్టడం కన్నా త్వరగా ఫలితమిస్తుంది.

రాయ్‌పూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో తెలుగువారు చాలాకాలంగా ఉన్నారు. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం, ఆ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం వారిని ఇటు తీసుకొచ్చాయి. క్యాన్సర్ అని తేలగానే ఈ కుటుంబాల ముందు రెండు దారులు నిలుస్తాయి. రాయ్‌పూర్‌లోనే చూపించుకోవడం ఒకటి. అయినవాళ్ళున్న వైపు వెళ్ళడం రెండోది. అటు విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ, 2000లో ప్రారంభమైన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎటు వెళ్ళినా చికిత్స మధ్యలో ఊరు మారకపోవడం మేలు. సగం కాగితాలు ఒకచోట, సగం ఇంకోచోట ఉంటే మందు మోతాదు లెక్క దగ్గరే ఇబ్బంది వస్తుంది.

భావన ఎదిగిన తీరు

క్యాన్సర్ గడ్డతో పాటు మనిషిని కూడా చూడాలన్న ఆలోచన ఆధునిక వైద్యంలోకి ముందు నొప్పి వైపు నుంచి వచ్చింది. 1967లో లండన్‌లో చివరి దశ రోగులను చూసే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ నెలకొల్పిన సిసిలీ సాండర్స్, రోగి నొప్పిలో ఒంటి బాధ, మనోవ్యథ, డబ్బు చింత, దేవుడి మీద సందేహం అన్నీ కలిసే ఉంటాయని చెప్పారు. 1977లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో జిమ్మీ హాలండ్ క్యాన్సర్ రోగుల కోసమే మానసిక వైద్య విభాగం ప్రారంభించారు. 1985లో ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే డాక్టరు, తానే క్యాన్సర్ బారిన పడి బయటపడినవాడు, చికిత్స ముగిసిన రోజుతో రోగి కథ ముగియదని ఒక వ్యాసం రాశాడు. బతికి బయటపడినవారి సంరక్షణ గురించిన చర్చ ఆ వ్యాసంతో ఊపందుకుంది. 1999లో అదే స్లోన్ కెటరింగ్‌లో సమన్విత వైద్య విభాగం, 2003లో సొసైటీ ఫర్ ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ వచ్చాయి. ఈ సొసైటీ అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘంతో కలిసి నొప్పి మీద 2022లో, ఆందోళన, కుంగుబాటు మీద 2023లో, అలసట మీద 2024లో మార్గదర్శకాలు వెలువరించింది. ధ్యానం, యోగా, ఆక్యుపంక్చర్ వంటివాటిలో ఏది దేనికి పనికొస్తుందో, ఎంతవరకు పనికొస్తుందో ఆ మార్గదర్శకాల్లో విడివిడిగా ఉంటుంది.

భారతదేశంలో ఒక మనిషికి జీవితకాలంలో క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 9 మందిలో ఒకరికి అని భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్క. 2022లో దేశంలో కొత్త కేసులు 14.6 లక్షలని అదే లెక్క చెబుతోంది. ఇంతమందికి విదేశాల్లోలాగా మసాజ్ గదులూ సంగీత చికిత్స నిపుణులూ సమకూరాలంటే జరగని పని. మన దగ్గర సమన్విత సంరక్షణ ఇంటి అరుగు మీద, వంటింట్లో, ఊరి రోడ్డు మీద సాగేదిగా ఉండాలి.

నోరు, గొంతు

ఛత్తీస్‌గఢ్‌లో నోటి క్యాన్సర్ గురించే ముందు మాట్లాడుకోవాలి. గుట్కా, ఖైనీతో పాటు పొగాకునూ బెల్లం మడ్డినీ కలిపి చేసే గుడాఖు అనే ముద్దతో పొద్దున్నే పళ్ళు తోముకునే అలవాటు ఇక్కడి పల్లెల్లో ఉంది. ఆడవాళ్ళూ వాడతారు. ఉత్తరాంధ్రవాళ్ళకు ఇలాంటి కష్టం పరిచయమే. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే మార్పులను జె.జె. పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రచురించింది. నోటి మీద చికిత్స జరిగితే తినడం, మింగడం, మాట్లాడటం, నవ్వడం నాలుగూ దెబ్బతింటాయి. స్వీయశ్రద్ధతో ఎక్కువ ఫలితం కనిపించేదీ ఇక్కడే.

రేడియేషన్‌ను మన ఊళ్ళలో కరెంటు పెట్టడం అంటారు, రాయ్‌పూర్ వైపు సికాయి అంటారు. అది మొదలవకముందే పళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి. పుచ్చిపోయి, తీసేయక తప్పని పళ్ళుంటే అప్పుడే తీయించుకుని, పుండు మానాక చికిత్సకు వెళ్ళాలి. తర్వాత లాలాజలం తగ్గిపోతుంది, పళ్ళు త్వరగా పుచ్చుతాయి. రేడియేషన్ పడిన దవడ నుంచి పన్ను పీకితే ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది. ఏళ్ళు గడిచినా ఈ ప్రమాదం పోదు. కాబట్టి పదేళ్ళ తర్వాత ఏ ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నా, దవడకు రేడియేషన్ పడిందని ముందుగా చెప్పాలి.

రెండో మూడో వారానికల్లా నోరు పూస్తుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా వంటసోడా కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందు, మధ్యలో కూడా పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలుపుకోవాలి. పళ్ళు మెత్తటి కుంచెతో తోమాలి. నోటి పూత మీద అంతర్జాతీయ నిపుణుల బృందం 2020లో ఇచ్చిన సూచనల్లో, తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకునేవారికి తేనె వాడవచ్చని ఉంది. మన ఇళ్ళలో తేనె మీద ఉన్న నమ్మకానికి ఈ విషయంలో ఆధారం దొరికినట్టే. అయితే తేనె తీసుకున్నాక నోరు కడుక్కోకపోతే పళ్ళు పాడవుతాయి. మధుమేహం ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. చాలామంది కొనితెచ్చుకునే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ నోటి పూతను ఆపుతుందనుకుంటారు. అదే బృందం ఆ పనికి దాన్ని సూచించలేదు.

ఇక దవడ బిగుసుకుపోవడం. మామూలు మనిషి నోరు తెరిస్తే మూడు వేళ్ళు నిలువుగా పడతాయి. 35 మిల్లీమీటర్ల కన్నా తక్కువ తెరుచుకుంటే దవడ బిగుసుకున్నట్టు. గుట్కా నమిలేవాళ్ళలో చికిత్సకు ముందే ఈ బిగువు ఉంటుంది, ఆపరేషన్, రేడియేషన్ దాన్ని ఇంకా పెంచుతాయి. దీనికి ఐస్‌క్రీమ్ పుల్లలు చాలు. శుభ్రంగా కడిగిన పుల్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య నెమ్మదిగా దూర్చాలి. నోరు ఎంత తెరుచుకుంటే అన్ని. కాసేపు అలాగే పట్టి ఉంచి, తీసి, దవడకు విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ పెట్టాలి. ఇలా రోజుకు నాలుగైదుసార్లు. కట్టలో ఎన్ని పుల్లలు పట్టాయో గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ పక్కన రాసుకుంటే, వారం తిరిగేసరికి పెరిగిందో తగ్గిందో కళ్ళకు కనిపిస్తుంది. నొప్పికి భయపడి మానేస్తే కోల్పోయిన జాగా తిరిగి రావడం కష్టం. అందుకే నొప్పి మాత్ర వేసుకుని అరగంట ఆగి చేయమంటారు. ఆపరేషన్ అయిన వెంటనే ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం కోసిన డాక్టరే చెప్పాలి. మెడ నరాలూ గ్రంథులూ తీసినవారికి భుజం పైకి లేవదు. దానికి ఫిజియోథెరపీ అవసరం.

రేడియేషన్ పడిన చోట చర్మం నల్లబడి, ఒలిచినట్టవుతుంది. అక్కడ వేడి కాపడం పెట్టకూడదు, వాసన సబ్బులు రుద్దకూడదు, బిగుతు కాలరు వేసుకోకూడదు. చందన తైలం, పసుపు కలిసిన ఒక క్రీమును మంగళూరులో 50 మంది రోగులపై వాడి చూసి, రేడియేషన్ వల్ల చర్మం దెబ్బతినడం తగ్గిందని 2014లో ప్రచురించారు. అది శుభ్రమైన పద్ధతిలో తయారైన క్రీము. ఇంట్లో రోట్లో నూరిన పసుపు ముద్ద పుండు మీద పెట్టడానికి దాన్ని సాక్ష్యంగా చూపకూడదు. ఇంకో మాట. బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ వల్ల రోగి ఒంట్లో కిరణాలు మిగిలిపోవు. మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. కంచం, గ్లాసు వేరు చేయడం వల్ల ఎవరికీ రక్షణ రాదు, రోగి మనసు మాత్రం విరుగుతుంది.

తిండి, పథ్యం

తెలుగు ఇళ్ళలో ఆపరేషన్ అయినవాళ్ళకు పథ్యం పెడతారు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ నంజు చేస్తుందని, గుడ్డు వేడని, పెరుగు చలవని ఒక్కొక్కటే తీసేయగా చివరికి కంచంలో కాస్త మెత్తటి అన్నం, కారప్పొడి, చారు నీళ్ళు మిగులుతాయి. ప్రేమతోనే పెడతారు. కానీ కోసిన గాయం మానాలంటే ఒంటికి మాంసకృత్తులు కావాలి. క్యాన్సర్ రోగికి రోజుకు ప్రతి కిలో బరువుకూ 1 గ్రాము కన్నా ఎక్కువ, వీలైతే 1.5 గ్రాముల దాకా అందాలని యూరప్ పోషకాహార వైద్యుల సంఘం సూచన. 50 కిలోల మనిషికి అది 50 నుంచి 75 గ్రాములు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, సోయా, వేరుశనగ లేకుండా ఆ లెక్క కుదరదు. చికిత్సలో బరువు తగ్గినకొద్దీ కీమో మోతాదు తట్టుకునే శక్తీ తగ్గుతుంది. క్యాన్సర్ రోగికి ఇంట్లో జరిగే నష్టాల్లో పథ్యం పేరిట కడుపు మాడ్చడమే పెద్దదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చక్కెర మానేస్తే గడ్డ ఎండిపోతుందన్న ప్రచారమూ ఇలాగే మనిషిని ఎండగడుతోంది.

నోరు పూసినవాళ్ళకు కారం, చింతపండు, ఆవకాయ మంటపెడతాయి. నెయ్యి వేసి మెత్తగా మెదిపిన పప్పన్నం, గుడ్డు కలిపిన రాగిజావ, పాలలో నానిన ఇడ్లీ, పల్చటి పెసరకట్టు దిగుతాయి. ఛత్తీస్‌గఢ్ ఇళ్ళలో ఆకుకూరలకు లోటు లేదు. లాల్ భాజీ, చేచ్ భాజీ ఉడికించి పప్పులో కలిపితే సరిపోతుంది.

ఇక్కడి వేసవి తిండి బోరే బాసీ. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి పొద్దున ఉల్లిపాయతో తింటారు, మన చద్దన్నం లాంటిదే. 2022 మే 1న రాష్ట్ర ప్రభుత్వం శ్రామికుల గౌరవార్థం బోరే బాసీ దినం కూడా జరిపింది. ఆరోగ్యవంతుడికి అది చల్లటి, మంచి తిండి. కీమో ఎక్కిన తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల కణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో రాత్రంతా నిలవున్నది, బయట కోసి అమ్మే పండ్లు, పానీపూరి, పచ్చి రసాలు వద్దు. అప్పుడే వండిన వేడి అన్నమే పెట్టాలి. పచ్చి కూరగాయలూ పండ్లూ పూర్తిగా మాన్పించే పాత పద్ధతి వల్ల అదనపు మేలు లేదని తర్వాతి పరిశీలనలు చూపాయి. బాగా కడగడం, చేతులు కడుక్కోవడం, వేడిగా వండడం ముఖ్యం.

ఆ రోజుల్లో ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పితే జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, రక్తంలో ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళి, కీమో తీసుకుంటున్న మనిషి అని మొదటి మాటగా చెప్పాలి. ఇంట్లో ఒక థర్మామీటరు, రాత్రిపూట వచ్చే వాహనం నెంబరు సిద్ధంగా ఉండాలి.

ఆకులు, పసర్లు, మాత్రలు

ఇక్కడి పల్లెల్లో నాటు వైద్యం చేసే బైగాలు, గునియాలు, వైద్‌రాజ్‌లు ఉన్నారు. తెలుగు పల్లెల్లో పసరు మందు ఇచ్చేవాళ్ళున్నారు. రాయ్‌పూర్‌లో శ్రీ నారాయణ్ ప్రసాద్ అవస్థీ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల కూడా ఉంది. మొక్కల నుంచి క్యాన్సర్ మందులు వచ్చిన మాట నిజమే. మన పెరటి బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇప్పటికీ ముఖ్యమైన మందు. కానీ దాన్ని కొద్దిగా తీయాలన్నా వందల కిలోల ఎండుటాకు కావాలి. శుద్ధి చేసి, కొలిచి, నరంలోకి మాత్రమే ఇస్తారు. అదే మొక్క ఆకు నమిలితే మందు పని జరగదు, విషం ప్రభావం మాత్రం పడవచ్చు.

విటమిన్లూ అన్ని వేళలా మేలు చేయవని చెప్పే ఉదాహరణ ఒకటి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు సంబంధించినది. ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి సంబంధించిన పదార్థాలను తయారుచేసింది. వాటిని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూసిన సిడ్నీ ఫార్బర్‌కు రోగం ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. దాంతో ఆ విటమిన్‌కు అడ్డుపడే మందు కోసం వెతికారు. అలా వచ్చిన అమినోప్టెరిన్‌తో పిల్లలు తాత్కాలికంగా కోలుకున్నారని ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. మెథోట్రెక్సేట్ తీసుకునే మనిషి డాక్టరుకు చెప్పకుండా ఫోలిక్ ఆమ్లం మాత్రలు మింగితే మందు పనికి అడ్డు రావచ్చు. ఇంకో సంగతి. కీమో వల్ల చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కకుండా ఎసిటైల్ ఎల్ కార్నిటైన్ ఇస్తే తిమ్మిరి తగ్గకపోగా పెరిగిందని 2013లో ఒక పెద్ద అమెరికా పరీక్షలో తేలింది. నరాల బలానికని మందుల షాపులో అమ్మే మాత్రల్లో ఈ పదార్థం తరచూ కనిపిస్తుంది.

కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం ఇంటింటా కాచారు. దాని వల్ల కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు 2022లో ప్రచురించారు. కీమో మందుల్లో చాలావాటిని కాలేయమే కరిగించాలి, కాబట్టి క్యాన్సర్ రోగికి ఈ ప్రమాదం రెట్టింపు బరువుతో వస్తుంది. గ్రీన్ టీ సారం బోర్టెజోమిబ్ అనే మైలోమా మందుకు అడ్డుపడుతుందని ప్రయోగశాలలో తేలింది. కూరలో వేసే పసుపు, టీలో వేసే అల్లం వేరు, గుళికలుగా మింగే సారం వేరు. అల్లం వాంతి వికారాన్ని తగ్గించడంలో డాక్టరు ఇచ్చే మందుకు తోడు రాగలదని 576 మంది మీద జరిపి 2012లో ప్రచురించిన పరీక్ష చెప్పింది. మోతాదు రోజుకు అర గ్రాము నుంచి 1 గ్రాము. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్ళు అడిగే వాడాలి.

చికిత్స మానేసి వీటి మీదే ఆధారపడితే ఏమవుతుందో కూడా లెక్కకొచ్చింది. రోగం ఇంకా పాకకముందే ప్రత్యామ్నాయ వైద్యాన్నే ఎంచుకున్న 281 మందిని, మామూలు చికిత్స తీసుకున్నవారితో పోల్చి అమెరికాలో 2018లో ప్రచురించారు. వారిలో మరణ ప్రమాదం రెండున్నర రెట్లు. నయమయ్యే దశలో ఉన్న మనిషికి ఆరు నెలలు పసరు పోసి, గడ్డ పగిలాక ఆసుపత్రికి తీసుకురావడం కన్నా పెద్ద నష్టం లేదు.

దీనికి మందు దాపరికం లేకపోవడమే. తిట్టే డాక్టరుకు రోగి చెప్పడు. రోగి తాగే కషాయం పేరు, ఎవరిచ్చారు, ఎప్పటి నుంచి అనేవి ఒక నోటు పుస్తకంలో రాసి, సీసాతో సహా తీసుకురమ్మని అడిగే డాక్టరుకు చెబుతాడు. ఆ నోటు పుస్తకం ప్రతి క్యాన్సర్ వార్డులోనూ ఇవ్వదగ్గది.

నడక, యోగా

నీరసంగా ఉన్నవాణ్ణి పడుకోబెట్టడం సహజం. కానీ క్యాన్సర్ అలసట పడుకున్నకొద్దీ తగ్గేది కాదు. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున చురుకైన నడక, రెండుసార్లు కండరాలకు పని చెప్పే వ్యాయామం చేస్తే అలసట, ఆందోళన తగ్గుతాయని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం నిర్ధారించింది. 2025లో వెలువడిన పరీక్ష అంతకన్నా పెద్ద మాట చెప్పింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో ముగించిన 889 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మూడేళ్ళు శిక్షకుల సాయంతో వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ జట్టులో 90.3 శాతం, ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రం ఇచ్చిన జట్టులో 83.2 శాతం బతికి ఉన్నారు. ఒక మందు ఇంత ఫలితం చూపితే ఆసుపత్రులు దాన్ని తెప్పించి ఉండేవి. నడక నేర్పే మనిషిని పెట్టడానికి కూడా అంతే పట్టుదల కావాలి.

మే నెలలో ఛత్తీస్‌గఢ్ ఎండ మనిషిని కూలదోస్తుంది. నడక తెల్లవారుజామునో, పొద్దు గుంకాకో పెట్టుకోవాలి. సిల్తరా వైపు పొగ, దుమ్ము ఎక్కువగా ఉన్న రోజుల్లో రోడ్డు పక్కన నడిచే బదులు ఇంటి వసారాలో అటూ ఇటూ తిరగడం మంచిది. ఎముకకు పాకిన రోగం ఉన్నవాళ్ళు బరువులెత్తే ముందు, నడుం వంచే ముందు డాక్టరును అడగాలి.

రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళను ఆ చేత్తో బిందె ఎత్తొద్దని ఏళ్ళ తరబడి భయపెట్టారు. చేయి వాపు ఉన్న 141 మంది స్త్రీలతో కొద్దికొద్దిగా పెంచుతూ బరువులు ఎత్తించి 2009లో ప్రచురించిన పరీక్షలో వాపు పెరగలేదు, ఇబ్బందులు తగ్గాయి. నేర్పేవాళ్ళ దగ్గర, చిన్న బరువుతో మొదలుపెట్టడం ముఖ్యం. ఆ చేతికి గాయం, కాలిన మచ్చ, గోరుచుట్టు రాకుండా చూసుకోవాలి. ఎర్రబడి జ్వరం వస్తే వెంటనే చూపించాలి.

యోగా విషయంలో భారతీయ పరిశోధన గట్టిగానే ఉంది. బెంగళూరులోని ఎస్-వ్యాస సంస్థ రొమ్ము క్యాన్సర్ రోగుల మీద చాలా ఏళ్ళు పనిచేసింది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి కూడా పెద్ద పరీక్ష నిర్వహించింది. ఆందోళన, నిద్రలేమి, అలసటకు మేలు కనిపించింది. రోగాన్నే తగ్గిస్తుందని చెప్పుకోవడం మాత్రం తొందరపాటు. కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు కపాలభాతి వంటి విసురు ఊపిరి సాధనలు చేయకూడదు. కుర్చీలో కూర్చుని నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడంతో మొదలుపెట్టవచ్చు.

నొప్పి

నొప్పితో ఉన్న మనిషికి నడక, తిండి, ధ్యానం గురించి చెప్పడం అన్యాయం. ముందు నొప్పి తగ్గించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మెట్ల పద్ధతి చెప్పింది, తీవ్రమైన నొప్పికి నోటితో తీసుకునే మార్ఫిన్ అందులో ఉంది. మన దేశంలో మత్తుమందుల చట్టం భయంతో చాలా ఏళ్ళు ఆసుపత్రులు దాన్ని దగ్గర పెట్టుకోలేదు. 2014లో చట్టం సవరించి నిబంధనలు తేలిక చేశారు. మార్ఫిన్ ఇచ్చారంటే చివరి రోజులొచ్చాయన్న భయం ఇళ్ళలో ఇంకా ఉంది. సరైన మోతాదులో, నొప్పికే వాడినప్పుడు మనిషి లేచి అన్నం తిని, పక్కవాళ్ళతో మాట్లాడగలుగుతాడు. మలబద్ధకం తప్పక వస్తుంది, దానికి మందు మొదటి రోజు నుంచే వేసుకోవాలి.

తెలుగు నేలపై ఈ పనికి దారి చూపింది ఎం.ఎన్.జె. సంస్థలోని పాలియేటివ్ (ఉపశమన) విభాగం, దాన్ని నిలబెట్టిన డాక్టర్ గాయత్రి పాలట్. 2011లో హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉచిత సేవతో మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచి, ఆలన పేరుతో ఇంటికి వచ్చి చూసే బృందాలను పంపుతోంది. ధర్సీవా లాంటి బ్లాకుకు సరిపోయే నమూనా ఇదే. ఒక వ్యాను, ఒక నర్సు, మందుల పెట్టె, ఊళ్ళో మితానిన్.

మనసు, ఇల్లు, భాష

తెలుగు పెద్దావిడకు హిందీ రాదు, డాక్టరుకు తెలుగు రాదు. మధ్యలో కొడుకు నిలబడి, డాక్టరు చెప్పిన దానిలో సగం దాచి, అమ్మ చెప్పిన దానిలో సగం కుదించి అనువదిస్తాడు. జబ్బు పేరు చెబితే తట్టుకోదని భయం. కానీ జుట్టు రాలుతున్న మనిషికి, క్యాన్సర్ ఆసుపత్రి గుమ్మం దాటిన మనిషికి తెలియకుండా ఉండదు. తెలిసీ తెలియనట్టు నటించే బరువు ఆమె మీదే పడుతుంది. తనకు ఏం తెలుసుకోవాలని ఉందో ముందు ఆమెనే అడగడం నయం. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే మానసిక సాయం ఫోను సేవలో 14416కు చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. రాయ్‌పూర్‌లో ఉన్న తెలుగువాళ్ళకు ఇది నిజంగా ఉపయోగపడే సంగతి.

ఇంట్లో ఆడమనిషికి జబ్బు చేస్తే ఆమె స్వీయశ్రద్ధకు సమయమే దొరకదు. కీమో ఎక్కించుకుని వచ్చిన సాయంత్రం పొయ్యి వెలిగించేది ఆమే. ఆ మూడు నాలుగు రోజులు వంట ఎవరిదో చికిత్స మొదలయ్యే ముందే ఇంట్లో తేల్చుకోవాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారికి యోని బిగుసుకుపోయే ఇబ్బంది ఉంటుంది. ఆ బిగువు తగ్గించే డైలేటర్ వాడకం, లూబ్రికెంట్, తిరిగి కాపురం ఎప్పుడనే మాటలు నర్సు తనంతట తాను చెప్పాలి, రోగి సిగ్గుపడి అడగదు.

చికిత్స ముగిశాక

చివరి సికాయి అయిన రోజు ఇంట్లో మిఠాయి పంచుతారు. ఆ మర్నాటి నుంచి రోగికి కొత్త భయం మొదలవుతుంది, ఇక ఎవరూ రోజూ చూడరు కదా అని. నోటి, గొంతు క్యాన్సర్ అయినవారిని మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, తర్వాత కాస్త ఎడంగా చూస్తారు. మెడకు రేడియేషన్ పడినవారికి ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి థైరాయిడ్ పరీక్ష చేయాలి. ఏడాది తర్వాత వచ్చే బద్ధకం, చలి, ఒళ్ళు బరువు చాలాసార్లు థైరాయిడ్ పని తగ్గడం వల్లే. చిన్న మాత్రతో సరిపోతుంది.

గుడాఖు, గుట్కా మళ్ళీ మొదలుపెడితే నోట్లో ఇంకోచోట రెండో క్యాన్సర్ రావచ్చు. ఇంట్లో మిగతావాళ్ళు మానకపోతే రోగి మానడం కష్టం. పొగాకు మానడానికి సాయపడే జాతీయ నెంబరు 1800-112-356. కర్మాగారంలో వేడి దగ్గర, దుమ్ములో పనిచేసినవారు తిరిగి పనికి వెళ్ళేటప్పుడు తేలికపాటి పని ఇవ్వాలని డాక్టరు చేత రాయించుకోవడం వాళ్ళ హక్కుగా భావించాలి.

పరీక్షలకు వెళ్ళివచ్చే ఖర్చు చాలామందిని మధ్యలో ఆపేస్తుంది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కార్డు ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు పనికొస్తుంది, దారి ఖర్చుకు కాదు. రైల్వే మాత్రం క్యాన్సర్ రోగికి చికిత్సకైనా, తిరిగి పరీక్షకైనా స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్టు పూర్తిగా ఉచితంగా ఇస్తుంది, తోడు వెళ్ళేవారికి 75 శాతం తగ్గిస్తుంది. దానికి ఆసుపత్రి డాక్టరు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. రాయ్‌పూర్ నుంచి విశాఖకో హైదరాబాద్‌కో వెళ్ళేవాళ్ళు తిరుగు ప్రయాణానికి కూడా సరిపోయేలా ఆ పత్రం ముందుగానే రాయించుకుని, రెండు జిరాక్సులు దగ్గర ఉంచుకోవాలి.